మూడున్నర ఉప్పు బస్తాలు

లెన్ పిలార్‌స్కీ ముప్ఫై ఒక్క ఏళ్ళ ఉద్యోగంలో ఒక్క బోల్టు కూడా వదులుగా వదల్లేదు. ఈ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు. తెలియనివాళ్ళు ఎవరైనా దొరికితే అతనే కూర్చోబెట్టి చెబుతాడు. టొలెడోలో కార్ల ఫ్యాక్టరీలో అతని పని, తలమీదుగా వేలాడుతూ వచ్చే బండికి కిందినుంచి ఆరు బోల్టులు బిగించడం. నిమిషానికో బండి. బిగించిన ప్రతి బోల్టు మీదా పసుపు రంగు పెన్నుతో చిన్న గీత గీయాలి. గీత పడిందంటే దాని పని పూర్తయినట్టే, తర్వాతివాడు దాని వంక చూడక్కర్లేదు. లెన్ గీత గీసిన బోల్టు ఒక్కటి కూడా తప్పని చెప్పి వెనక్కి రాలేదు. అతను రిటైరైన రోజు తోటివాళ్ళు చేతిగడియారానికి బదులు ఓ డజను పసుపు పెన్నులు కానుకగా ఇచ్చారు. వాటిని చూసి కళ్ళు తుడుచుకున్నాడు. మనిషి అలాంటివాడు.

ఈ మనిషికి ఒక కారుంది. డెబ్భయ్యో సంవత్సరపు షెవెల్, ముదురాకుపచ్చ రంగు. వీధి చివర ఉండగానే ఇంట్లో గాజుగ్లాసులు గలగలలాడించే ఇంజను. పెళ్ళికి ముందే కొన్నాడు. డొలోరెస్‌ని మొదటిసారి షికారుకి తీసుకెళ్ళింది అందులోనే, పెళ్ళయ్యాక చర్చి నుంచి ఇంటికి తెచ్చుకున్నదీ అందులోనే. మంచు కరిగి రోడ్లు ఆరిన దగ్గర్నుంచి ఆకులు రాలేదాకా ప్రతి ఆదివారం మధ్యాహ్నం మొగుడూ పెళ్ళాం మామీ నది పక్క రోడ్డు పట్టుకుని పన్నెండు మైళ్ళు వెళ్ళి, చల్లటి కస్టర్డ్ తిని వచ్చేవాళ్ళు. నలభై ఏళ్ళలో ఆ పద్ధతి తప్పింది లేదు.

రెండేళ్ళుగా మాత్రం ఊరు ఒక వింత చూస్తోంది. ఆదివారం మధ్యాహ్నం ముందు షెవెల్ వెళ్తుంది, అందులో లెన్ ఒక్కడే. దాని వెనకాలే ఓ చిన్న బూడిదరంగు కారు వెళ్తుంది, అందులో డొలోరెస్ ఒక్కతే. కస్టర్డ్ కొట్టు దగ్గర ఇద్దరూ దిగి, ఒకే బల్ల ముందు కూర్చుని, ఒకరి కప్పులోంచి ఒకరు తింటారు. తర్వాత ఎవరి కారు వాళ్ళు ఎక్కుతారు. వీళ్ళు విడిపోయిన దంపతులేమో అనుకుని కొట్టులో పిల్ల మొదట్లో రెండు బిల్లులిచ్చేది కూడా.

కారణం మిల్లు దగ్గర మలుపు. పాత పిండిమిల్లు దగ్గర నది ఒక్కసారిగా పక్కకి తిరుగుతుంది, రోడ్డూ దానితోపాటే తిరుగుతుంది. రెండేళ్ళ కిందట ఓ ఆదివారం చినుకులు పడి రోడ్డు తడిగా ఉంది. యాభై ఏళ్ళ నాటి స్ప్రింగులు, అరిగిపోయిన రబ్బర్లు, కుదుపుల్ని ఆపడం ఎప్పుడో మానేసిన షాకులు. మలుపులో వెనక చక్రాలు జారాయి. కారు పక్కకి తిరిగి, గులకరాళ్ళలోకి దూసుకుపోయి, మిల్లు కంచెకి మూరెడు దూరంలో ఆగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు.

అసలు తప్పు ఆ తర్వాత జరిగింది. లెన్ దిగాడు. కారు చుట్టూ తిరిగాడు. నాలుగు చక్రాలూ వంగి వంగి చూశాడు. అప్పుడు డొలోరెస్ కిటికీ దగ్గరికి వచ్చి, "ఏం కాలేదు. చిన్న గాటు కూడా పడలేదు," అన్నాడు మొహమంతా వెలిగిపోతూ. కారు గురించి.

ఆవిడ తలుపు తీసుకుని దిగింది. చెప్పులతో రెండు మైళ్ళు నడిచి ఇంటికొచ్చింది. లెన్ పక్కనే నెమ్మదిగా కారు నడుపుతూ, కిటికీలోంచి దారి పొడుగునా బతిమాలుతూనే ఉన్నాడు. ఆ రోజుకీ ఈ రోజుకీ ఆవిడ మళ్ళీ ఆ కారెక్కలేదు. ఆవిడ పిరికిది కాదు, ఇరవయ్యెనిమిదేళ్ళు బడిపిల్లల బస్సు నడిపింది. మంచులో, పొగమంచులో, వెనక అరవైమంది పిల్లలు కోతిమూకలా అరుస్తుండగా నడిపింది. ఒక్క అద్దం కూడా పగలగొట్టలేదు. అలాంటి మనిషి ఎక్కనంటే ఎక్కదు.

*

పోయిన నవంబరులో లెన్ కారుని గ్యారేజీలో నాలుగు స్టాండ్ల మీదికి ఎత్తి, చక్రాలు ఊడదీసి, కింద ఉన్న పాతదంతా పీకి పారేశాడు. ఎందుకో పెళ్ళానికి చెప్పలేదు. ఫిబ్రవరిలో, లెంట్ ఉపవాసాల్లో మాంసం మానే ఓ శుక్రవారం, చర్చి హాల్లో చేపల వేపుడు పళ్ళేలు ముందు పెట్టుకుని కూర్చున్నప్పుడు మాత్రం ఇక ఆపుకోలేకపోయాడు.

"డీ, కారుకి అడుగుభాగం మొత్తం కొత్తది వేస్తున్నాను. కొత్త స్ప్రింగులు, కొత్త షాకులు, చక్రాల్ని పట్టుకునే చేతులు కూడా కొత్తవే. ముందు చక్రాలకి లావుపాటి కడ్డీ కూడా. ఇంక మలుపులో ఒరగదు, జారదు."

"మంచిది," అంది డొలోరెస్, నిమ్మచెక్క పిండుకుంటూ.

"నువ్వు ఎక్కుతావనే వేస్తున్నాను."

ఆవిడ పిండడం ఆపింది. చాలాసేపు మొగుడి మొహం చూసింది. లెన్ ఉద్యోగంలో చేరేటప్పుడు కూడా అంత బిక్కుబిక్కుమంటూ కూర్చోలేదు.

"ఒక్కసారి ఎక్కుతాను," అంది చివరికి. "మే నెల ఆఖరి ఆదివారం. ఒక్కసారే, లెన్. మిల్లు దగ్గర నా కాలు గనక నేలని తొక్కిందా, ఇంక ఈ జన్మలో నన్ను అడక్కు."

కాలు సంగతి ఇద్దరికీ తెలుసు. పక్క సీట్లో కూర్చున్నప్పుడు భయమేస్తే డొలోరెస్ కుడికాలు దానంతటదే లేని బ్రేకుని తొక్కుతుంది. షెవెల్‌లో ఆవిడ వైపు నేల మీది తివాచీ ఆ ఒక్కచోట చిరిగిపోయి ఉంటుంది. లెన్ ఆ చిరుగుని రెండేళ్ళుగా చూస్తూనే ఉన్నాడు.

అలా ఆ చలికాలం గడిచింది. చక్రాల చేతులు కదిలే చోట పెట్టే బుష్షులు రబ్బరువే తెప్పించాడు. ఈ రోజుల్లో అందరూ గట్టి ప్లాస్టిక్‌వి వేస్తున్నారు. వాటితో కారు పందెం బండిలా పరిగెడుతుందిగానీ, రోడ్డు మీది ప్రతి గులకరాయీ సీట్లో కూర్చున్నవాళ్ళ నడుముకి తెలుస్తుంది. డొలోరెస్ నడుము అసలే అంతంతమాత్రం. అందుకని రబ్బరు. ఒక్కో భాగం పెట్టడం, పానాతో గట్టిగా బిగించడం, పసుపు గీత గీయడం. మే నెల మొదలయ్యేసరికి కారు కిందికి దూరి చూస్తే ఎటు చూసినా పసుపు గీతలే.

*

మే ఆఖరి వారంలో గురువారం పొద్దున కారుని కిందికి దించాడు. దించిన క్షణంలోనే ఏదో తేడా కనిపించింది. ముక్కు రెండంగుళాలు పైకి లేచి ఉంది. కొత్త స్ప్రింగులు కదా, సర్దుకుంటాయిలే అనుకున్నాడు. కప్పులో కాఫీ పోసుకుని ఒక్కడే బయల్దేరాడు.

ఆ కాఫీ వీధి చివరిదాకా కూడా కప్పులో నిలవలేదు. రోడ్డు అతుకు మీదికి ఎక్కిన ప్రతిసారీ కారు వెన్ను విరిగేలా కొట్టింది. మిల్లు మలుపులో ముందు చక్రం గెంతింది కూడా. పాత కారు జారేది, కొత్త కారు గెంతుతోంది. ఆరు నెలల చాకిరీ, పెళ్ళాం ఇచ్చిన ఒకే ఒక్క అవకాశం, ఇంకా మూడు రోజులు.

ఇంటికొచ్చేసరికి డొలోరెస్ వాకిట్లో మొక్కలకి నీళ్ళు పోస్తోంది. అతని ప్యాంటు మీది మరక చూసింది.

"కాఫీ ఎక్కడ ఒలికింది?"

"కారు ఆగి ఉన్నప్పుడే. నా చెయ్యి తగిలి."

"ఆహా."

"ఇంకా కాస్త పని మిగిలింది, డీ. వచ్చే ఆదివారం పెట్టుకుందామా?"

"నేను చెప్పిన ఆదివారం ఈ ఆదివారం," అని ఆవిడ నీళ్ళ గొట్టం ఇంకో మొక్క మీదికి తిప్పింది.

ఆ రోజంతా, శుక్రవారం మధ్యాహ్నందాకా లెన్ తప్పు ఎక్కడుందో వెతికాడు. స్ప్రింగులు తప్పువి పంపారేమోనని నంబర్లు చూశాడు. షాకులు విప్పి చేత్తో నొక్కి చూశాడు. టైర్లలో గాలి తీశాడు, మళ్ళీ పట్టాడు. చివరికి టార్చిలైటు పట్టుకుని రోడ్డుని కూడా అనుమానించాడు. ఏదీ తేలక, సిగ్గు చంపుకుని ఒడెల్ గేన్స్‌కి ఫోను చేశాడు.

ఒడెల్ కూడా అదే ఫ్యాక్టరీ. చివరి స్థానంలో, తయారై వచ్చిన బళ్ళ చక్రాలు సూటిగా ఉన్నాయో లేదో చూసేవాడు. అంటే, ముందున్నవాళ్ళందరి తప్పులూ పట్టుకోవడమే ఇరవయ్యేడేళ్ళు అతని పని, దానికి జీతం కూడా ఇచ్చారు. ఆ అలవాటు ఇంకా పోలేదు.

"ఏంటి పిలార్‌స్కీ, నీ కారేంటి ఆకాశం వంక చూస్తోంది? వాన కోసమా?" అంటూ గ్యారేజీలోకి వచ్చాడు.

"నవ్వితే నవ్వావుగానీ, ముందు చూడు."

ఒడెల్ బానెట్ మీద రెండు చేతులూ వేసి తన బరువంతా వేసి నొక్కాడు. కారు కదల్లేదు. ఇంకోసారి నొక్కాడు. అప్పుడు మోకాళ్ళ మీద వంగి, కిందికి తొంగి చూసి, ఆ పసుపు గీతల్ని ఒక్కొక్కటే లెక్కపెట్టినట్టు చూశాడు.

"ఈ బోల్టులు ఎప్పుడు బిగించావ్?"

"ఎప్పుడేంటి? ఏది పెట్టినప్పుడు దాన్ని బిగించాను."

"అంటే కారు స్టాండ్ల మీద ఉన్నప్పుడు. చక్రాలు గాల్లో వేలాడుతున్నప్పుడు."

"వదులుగా వదిలెయ్యమంటావా? నేనా?"

ఒడెల్ నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వి నవ్వి, బోర్లించిన బాల్చీ మీద కూలబడ్డాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఓరి నాయనా! ముప్ఫై ఒక్క ఏళ్ళు! ఇరవయ్యేడేళ్ళు నీ డబ్బా విన్నాను, ఈ రోజు నా రుణం తీరింది. ఒరేయ్, ఫ్యాక్టరీలో నీ ఆరు బోల్టులూ బాడీవి. అవి కదిలేవి కావు. ఇవి కదిలేవి. రబ్బరు బుష్షుని ఏ వాలులో బిగిస్తే దానికి అదే సుఖం, ఇంక అక్కడికే పోవాలని చూస్తుంది. నువ్వేమో చేతులు వేలాడుతుండగా బిగించావ్. ఇప్పుడు బండి నేల మీద నిలబడింది. రబ్బర్లు పాపం మెలి తిరిగిపోయి, మళ్ళీ వేలాడాలని బండిని పైకి తోస్తున్నాయి. ఇంకో నెల తిప్పి ఉంటే చిరిగిపోయేవి."

లెన్‌కి విషయం వింటుంటేనే అర్థమైంది, అర్థమయ్యేకొద్దీ చెవులు ఎర్రబడ్డాయి.

"అన్నీ వెతికాను, గేన్స్. ఆఖరికి రోడ్డు కూడా చూశాను."

"గీతలు గీసినవి మాత్రం చూడలేదు."

"గీత గీశాక ఎవడు చూస్తాడు?"

"అదే మరి," అన్నాడు ఒడెల్. ఈసారి నవ్వలేదు. లేచి భుజం మీద చెయ్యి వేశాడు. "భయపడకు. రబ్బర్లు బాగానే ఉన్నాయి. కొత్తగా కొనేదేం లేదు. అన్నీ వదులు చేసి, బండిని దాని చక్రాల మీదే నిలబెట్టి, ఎక్కాల్సిన మనుషుల బరువు లోపల పెట్టి, నాలుగు ఊపులు ఊపి, అప్పుడు బిగించాలి. అంతే. రేపు పొద్దున్నే వస్తాను."

లెన్ వదిలిన ఊపిరి పక్కింటివాళ్ళకి కూడా వినిపించి ఉంటుంది. రెండు రోజులుగా పట్టుకున్న ఊపిరి అది. వెంటనే టార్చి తీసుకుని కారు కిందికి దూరాడు. మొదటి గీత మీద పానా పెట్టి వెనక్కి తిప్పేటప్పుడు మాత్రం కళ్ళు మూసుకున్నాడు. తన గీతని తనే చెరుపుకోవడం అతని జీవితంలో అదే మొదలు. బోల్టు వదులవగానే లోపల రబ్బరు టక్కుమని తన చోటికి తిరిగింది. కారు ముక్కు అర అంగుళం దిగింది. రెండోది విప్పేటప్పుడు కళ్ళు మూసుకోలేదు.

*

శనివారం పొద్దున ఎండ చక్కగా వచ్చింది. నాలుగు చక్రాల కిందా లావుపాటి దుంగలు పేర్చి, కారుని వాటి మీద నిలబెట్టారు. కింద దూరడానికి చోటుంది, బరువంతా చక్రాల మీదే ఉంది. డ్రైవరు సీట్లో ఒడెల్ పేపరు పట్టుకుని కూర్చున్నాడు. అతనిదీ లెన్‌దీ ఇంచుమించు ఒకటే బరువు. చిక్కంతా పక్క సీటు దగ్గర వచ్చింది.

"మీ ఆవిడ బరువెంత?" అన్నాడు ఒడెల్.

"నాకేం తెలుసు?"

"నలభై ఏళ్ళు కాపరం చేసి తెలీదా?"

"తెలుసుకోలేదు కాబట్టే నలభై ఏళ్ళు చేశాను."

"పోయి అడుగు."

"నువ్వడుగు."

ఒడెల్ పేపరు మీదుగా ఇంటి వైపు చూసి, మళ్ళీ పేపర్లోకి తల దూర్చాడు.

ఇంటి నేలమాళిగలో, నీళ్ళని మెత్తబరిచే యంత్రంలో పోసే ఉప్పు బస్తాలున్నాయి. ఒక్కోటి నలభై పౌండ్లు. లెన్ చప్పుడు కాకుండా వాటిని మోసుకొచ్చి, ఒక్కొక్కటే పక్క సీటు మీద పేర్చాడు. మూడు పెట్టి ఆగాడు. నాలుగోది చేతుల్లో పట్టుకుని నిలబడిపోయాడు.

"మూడంటే పొగడ్త," అన్నాడు ఒడెల్ తల ఎత్తకుండా. "నాలుగంటే విడాకులు."

లెన్ కాసేపు ఆలోచించాడు. నాలుగో బస్తా విప్పి, సగం బాల్చీలోకి ఒంపి, మిగిలిన సగాన్ని ఆ మూడింటి మీద పెట్టాడు. జారకుండా బెల్టు కూడా పెట్టాడు. పెట్టాక రెండడుగులు వెనక్కి వేసి చూసుకున్నాడు. సరిగ్గా అప్పుడే గ్యారేజీ తలుపు తెరుచుకుంది.

"లెన్, కింద ఉప్పు ఏమైంది? నిన్న నాలుగు బస్తాలు..."

డొలోరెస్ ఆగిపోయింది. తన సీట్లో, బెల్టు పెట్టుకుని కూర్చున్న బస్తాల్ని చూసింది. వేలు పెట్టి లెక్కపెట్టింది. బాల్చీలో ఉప్పు చూసింది. ఒడెల్ పేపరు మొహానికి ఇంకా దగ్గరగా లాక్కున్నాడు.

"ఇది నేనా?" అంది.

లెన్ బాల్చీని కాలితో పక్కకి తోశాడు.

"మూడున్నర. అంటే నూట నలభై. లెన్, నూట నలభై నేను చూసి పాతికేళ్ళయింది."

"డీ, నేను... బోల్టులు బిగించాలంటే లోపల ఇద్దరి బరువూ ఉండాలని గేన్స్ చెప్పాడు. నువ్వు కూర్చుంటే ఎలా ఉంటుందో అలాగే బిగించాలి. అందుకని..."

"ఇద్దరి బరువూనా?"

"ఆ. ఒక్కడి బరువుతో బిగిస్తే, ఒక్కడికే సరిపోతుంది."

ఆవిడ చేతులు గౌనుకి తుడుచుకుంది. అందరికీ వినబడేలా, "నూట అరవై మూడు," అంది. "బస్సు బరువు తప్పు చెప్పి వంతెన ఎక్కించే రకం కాదు నేను. ఆ బస్తాలు తీసెయ్. నేనే కూర్చుంటాను."

తన చెవులు వింటున్నది నిజమేనా అని లెన్ ఒడెల్ వైపు చూశాడు. ఒడెల్ అప్పటికే బెల్టు విప్పి బస్తాలు కిందికి దొర్లిస్తున్నాడు. డొలోరెస్ గౌను సర్దుకుని, రెండేళ్ళ తర్వాత, తన సీట్లో కూర్చుంది. కారు మెత్తగా ఓ పావు అంగుళం దిగింది.

"కదలని కారు కాబట్టి ఎక్కాను. ఇది లెక్కలోకి రాదు," అంది.

"రాదు, రాదు," అని లెన్ గబగబా కిందికి దూరాడు.

"నలభై ఏళ్ళకి ఈ కారులో ఇంకో మగాడి పక్కన కూర్చున్నాను," అంది పైనుంచి డొలోరెస్.

"మీరు మంచి ఎంపికే చేశారు, డొలోరెస్ గారూ. కాస్త ఆలస్యమైందంతే," అన్నాడు ఒడెల్.

నలుమూలలా కారుని ఊపి, లెన్ ఒక్కో బోల్టూ బిగించడం మొదలుపెట్టాడు. వెల్లకిలా పడుకుంటే, అతని మొహానికి జానెడు ఎత్తులో కారు నేల. దాని మీద డొలోరెస్ కాళ్ళు. ఆవిడ చెప్పు కాస్త కదిలినా రేకులోంచి వినిపిస్తోంది. మొహం మొహం చూసుకుంటూ రెండేళ్ళలో చెప్పలేకపోయిన మాట, ఆ రేకు అడ్డం ఉండేసరికి నోట్లోంచి వచ్చేసింది.

"డీ."

"ఊఁ."

"ఆ రోజు ముందు నిన్ను చూడాల్సింది. కారుని కాదు. నీకేమన్నా అయిందేమోనని నీ వైపు చూడ్డానికి భయమేసింది. చక్రాలైతే చూడగలను. అందుకని వాటిని చూశాను. తప్పు చేశాను. ఎన్నిసార్లో చెబుదామనుకున్నాను."

పైన ఒడెల్ పేపరు పేజీ పెద్ద చప్పుడుతో తిప్పాడు. "నాకేం వినపడలేదు," అన్నాడు.

అప్పుడు రేకు మీద, సరిగ్గా లెన్ నుదుటికి పైన, చెప్పు రెండుసార్లు మెల్లగా తట్టింది.

"నీ పని కానీ. వంటింట్లో పిరోగీలు చల్లారిపోతున్నాయి," అంది డొలోరెస్.

లెన్ కాసేపు ఏ బోల్టూ బిగించలేదు. కళ్ళల్లో తుప్పు పడిందని చెప్పొచ్చుగానీ, కొత్త భాగాల్లో తుప్పెక్కడిది? ఏడ్చాడు. నిశ్చింతగా ఏడ్చాడు. తర్వాత పానా అందుకుని మిగిలినవన్నీ బిగించాడు.

భోజనాలయ్యాక ఒడెల్ దారాలు కట్టి చక్రాలు సూటిగా సర్దాడు. పోతూ పోతూ కిందికి తొంగి చూశాడు.

"ఏంటి, ఈసారి గీతలు గీయలేదే?"

"అప్పుడే కాదు," అన్నాడు లెన్. "ఇన్‌స్పెక్టరు రేపొస్తుంది."

*

ఆదివారం మధ్యాహ్నం డొలోరెస్ తలకి రుమాలు కట్టుకుని, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని, పరీక్ష పెట్టేవాళ్ళ మొహంతో వచ్చి కారెక్కింది. బూడిదరంగు కారు వాకిట్లోనే ఉండిపోయింది. ఎదురింటివాళ్ళు కర్టెను తొలగించి చూశారు.

వీధి చివర అతుకు వచ్చింది. కారు మెత్తగా ఎక్కి మెత్తగా దిగింది. లెన్ పెళ్ళాం మొహం చూడలేదు, చూస్తే ఏం కనిపిస్తుందోనని భయం. చెవి మాత్రం ఆవిడ కుడికాలి మీదే పెట్టాడు. రైలు గేటు దాటారు. మొక్కజొన్న చేలు దాటారు. నది పక్కకి వచ్చింది. లెన్ చొక్కా వీపుకి అతుక్కుపోయింది.

మిల్లుకి ఇంకో మైలుందనగా ఆవిడ అతని వైపు తిరిగింది.

"నాకొకటి చెప్పు. ఆ అర ఎందుకు?"

"ఏ అర?"

"మూడున్నరలో అర. మూడు పెట్టి ఉంటే, పోన్లే, నన్ను పొగిడాడనుకునేదాన్ని. నాలుగు పెట్టి ఉంటే, సరే, నిజం ఒప్పుకున్నాడనుకునేదాన్ని. బస్తా విప్పి, సగం ఒంపి, ఇల్లంతా ఉప్పు చేసి, ఆ సగం ఎందుకు? అంటే నీకు నిజం తెలుసు, చెప్పడానికి ధైర్యం లేదు. అంతేనా?"

"అంతే."

"పైగా గేన్స్ ముందర! ఈపాటికి వాడు వాళ్ళావిడకి చెప్పే ఉంటాడు. వచ్చే ఆదివారం చర్చిలో అందరూ నన్ను చూసి ఉప్పు అడుగుతారు. నా వంటింట్లో ఉప్పుకి కరువొచ్చినట్టు..."

రోడ్డు తిరిగింది. లెన్ స్టీరింగు తిప్పాడు. వేగం తగ్గించలేదు, తగ్గిస్తే ఆవిడకి తెలిసిపోతుంది. కారు ఒరగలేదు, గెంతలేదు. నాలుగు చక్రాలూ నేలని పట్టుకుని, నది ఎటు తిరిగితే అటు తిరిగింది. పాత కంచె కిటికీ పక్కనుంచి వెళ్ళిపోయింది. లెన్ ఊపిరి బిగబట్టి వింటున్నాడు. నేల మీద ఏ చప్పుడూ లేదు.

"...బెల్టు కూడా పెట్టావు, లెన్! ఉప్పుకి బెల్టు! నవ్వాలో ఏడవాలో తెలీలేదు నాకు." ఆవిడ ఆపి, ముందుకు చూసింది. "మిల్లు ఇంకా రాలేదేంటి?"

"వెనక ఉంది," అన్నాడు లెన్.

డొలోరెస్ సీట్లో పూర్తిగా వెనక్కి తిరిగి చూసింది. వెనక అద్దంలోంచి మిల్లు కప్పు కనిపిస్తోంది, చిన్నదైపోతోంది. ఆవిడ తన కుడికాలి వంక చూసుకుంది. అది ఎడమకాలి మీద హాయిగా వేసుకుని ఉంది.

"ఇది లెక్కలోకి రాదు. నేను చూడలేదు," అంది. "కారు వెనక్కి తిప్పు."

ఆవిడ చెప్పినట్టే లెన్ ఓ చేను గేటు దగ్గర కారు తిప్పి, మళ్ళీ మిల్లు వైపు పోనిచ్చాడు. ఈసారి డొలోరెస్ మాట్లాడలేదు. రెండు కాళ్ళూ నేల మీద పెట్టి, కళ్ళు రోడ్డు మీద పెట్టి కూర్చుంది. మలుపు వచ్చింది. ఆవిడ కుడికాలు పైకి లేచింది. లెన్ చూశాడు, అదే చిరుగు పైన, తొక్కడానికి సిద్ధంగా లేచింది. కారు తిరుగుతోంది. కాలు గాల్లోనే ఉంది. కంచె వచ్చింది, కంచె పోయింది. రోడ్డు మళ్ళీ తిన్నగా అయింది. కాలు మెల్లగా, ఏ తొందరా లేకుండా, తివాచీ మీదికి దిగింది.

డొలోరెస్ పెద్దగా ఊపిరి వదిలింది. చెయ్యి జాపి ముందున్న అర తెరిచి, లోపల వెతికి, పసుపు పెన్ను తీసి అతని చొక్కా జేబులో పెట్టింది.

"కస్టర్డ్ తిన్నాక ఇంటికెళ్ళి గీసుకో నీ గీతలు," అంది. "ముందు కారు తిప్పు. కొట్టు అటు కదా."